తెలిసియుండియు పలుకని నోరు



ఈ నెల ధ్యానమునకు యాకోబు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయము 17వ వచనమును తీసికొనుచున్నాము. మీ బైబిలు తెరచి ఆ ఒక్క వచనమును రెండుసార్లు నెమ్మదిగా చదివి, ఆ తరువాత ఈ పుటలు చదువుడి. చదువు రాని పెద్దలకు ఇంటిలోని పిల్లలు చదివి వినిపించుడి. వచనము చిన్నది. చేసిన కీడునకు మాత్రమే కాదు, చేయవలసినదని ఎరిగియుండి చేయక మానిన మేలునకు కూడ మనము లెక్క ఒప్పజెప్పవలెనని దాని భావము.

ఈ వచనమును మేము అనేక పర్యాయములు ప్రసంగించియున్నాము. అయినను అది మా గుండెను గట్టిగా తట్టినది ప్రసంగ పీఠము మీద కాదు. మా బాల్యములో చదివి భయపడిన కథలను నలువది దాటిన వయస్సులో మరల చదివినప్పుడు అది మమ్మును పట్టుకొన్నది. ఆ సంగతి మీకు చెప్పవలెను.

గత వర్షాకాలములో మా ఇంటి కప్పు కారినది. అటక మీది సామాను దింపుచుండగా మా తండ్రిగారి రేకు పెట్టె ఒకటి బయటపడినది. ఆయన మా స్వగ్రామములో మిషను ఎలిమెంటరీ బడి ఉపాధ్యాయుడు. ఆ పెట్టెలో ఆయన దారముతో కుట్టి, అట్టలు వేసి దాచిన చందమామ సంచికలు ఉండెను. కొన్నిటిని చెదలు తినినవి, కొన్ని మిగిలినవి. పదునొకండేండ్ల మా కుమార్తె వాటిని అరుగు మీద ఎండబెట్టుచు చదువ నారంభించినది. మొదట తన చేతికి చిక్కినవి బేతాళ కథలు. మూడవ దినమున ఆమె మా యొద్దకు వచ్చి ఇట్లడిగినది:

"నాన్నా, ఆ రాజు నోరు మూసుకుని ఉంటే శవాన్ని తీసుకుపోయి పని పూర్తి చేసుకోవచ్చు గదా? ప్రతిసారీ ఎందుకు మాట్లాడతాడు?"

"తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుందని బేతాళుడు అన్నాడు గదమ్మా" అంటిమి.

"ఊరికే బెదిరించాడేమో. ఒక్కసారి ఊరుకుని చూడొచ్చు గదా" అన్నది.

మేము వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిమి. అందుకు కారణము పుస్తకములో లేదు, మాలోనే ఉన్నది.

ఈ కథలు ఎరుగని యౌవనస్థుల కొరకు రెండు మాటలు చెప్పుదుము. చందమామ అను పిల్లల మాసపత్రికను 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు మద్రాసులో ప్రారంభించిరి. బేతాళ కథలు అందులో 1955లో మొదలై, నెలకొకటి చొప్పున దశాబ్దముల తరబడి సాగినవి. ఆ పత్రిక ముద్రణ ఆగిపోయి ఇప్పటికి పది సంవత్సరములు దాటినది. కథకు మూలము చాల పాతది. కాశ్మీర దేశపు సోమదేవుడు 11వ శతాబ్దములో సంస్కృతమున వ్రాసిన కథాసరిత్సాగరములో ఇరువదియైదు బేతాళ కథలు ఉన్నవి. వాటిలోని రాజు పేరు త్రివిక్రమసేనుడు. అతని పట్టణము గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానము, అనగా నేటి మహారాష్ట్రలోని పైఠాన్. మన పొలములకు పారు గోదావరి నీరు ఆ ఊరి ప్రక్కగా వచ్చిన నీరే.

కథ యొక్క కట్టుబాటు ఇది. ఒక భిక్షువు కోరిక మీద రాజు అర్ధరాత్రి శ్మశానమునకు పోయి, చెట్టున వ్రేలాడు శవమును దించి భుజమున వేసికొని నడచును. దారిలో నోరు తెరువరాదు. శవములోని బేతాళుడు ఒక కథ చెప్పి, చివర ఒక ప్రశ్న వేయును. ఉత్తరము తెలిసియుండియు చెప్పనియెడల తల వ్రక్కలగును. చెప్పినయెడల మౌనము చెడి శవము తిరిగి చెట్టెక్కును. రాజు ఉత్తరమే చెప్పును. మరల చెట్టు దగ్గరకు నడచును. పట్టువదలని విక్రమార్కుడని మనము నేటికిని వాడుకొను మాట ఈ కథల రాజును తలచుకొనియే గదా!

మేము వీటిని చదివినది మిషను బోర్డింగులో, ఆరవ తరగతి బాలుడుగా ఉన్న దినములలో. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా తండ్రిగారి కట్టలోనుండి రెండు మూడు సంచికలు తెచ్చుకొని, కరెంటు పోయిన రాత్రులలో లాంతరు దగ్గర చదువువారము. శంకర్ గారు వేసిన బొమ్మ ఇంకను మా కన్నులలో ఉన్నది: ఒక చేత కత్తి, భుజమున శవము, వెనుక శ్మశానము. ఆ చిత్రకారుడు 2020లో మరణించెనని విన్నప్పుడు మాకు మొదట తోచినది ఆ బొమ్మయే. కథ ముగిసిన తరువాత దుప్పటి తల మీదికి లాగుకొని, భుజము మీద చల్లగా ఏదో ఆనినట్లు భయపడి మేలుకొని పడియుండువారము.

ఈ సంచికలు అరుగు మీద ఆరుచుండగా చూచి మా సంఘ పెద్ద ఒకరు నొచ్చుకొనిరి. "అయ్యగారూ, మీ ఇంట్లోనే దయ్యాల పుస్తకాలేమిటండీ? ఎఫెసులో కాల్చేసినట్టు కాల్చేయరాదూ?" అనిరి. ఆయన మాట తేలికగా తీసివేయదగినది కాదు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో విశ్వాసులు తమ మాంత్రిక గ్రంథములను అందరియెదుట కాల్చివేసిరి. వాటి వెల ఏబదివేల వెండి రూకలు. చచ్చినవారిని సంప్రదించుట ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము నిషేధించుచున్నది. మన పల్లెలలో బాప్తిస్మము పొందినవారు సహా రహస్యముగా తాయెత్తు కట్టించుకొనుచుండగా, దయ్యపు భయమును పెంచు దేనినైనను మనము జాగ్రత్తగా చూడవలసినదే.

అయితే మేము ఆయనతో చెప్పిన మాట ఇది. ఎఫెసులో కాలినవి మంత్రము వేయుట నేర్పు గ్రంథములు. ఇది మంత్రము నేర్పు పుస్తకము కాదు, కథ. 1952 నుండి 1980లో మరణించువరకు చందమామ సంపాదకత్వపు పని చూచిన కొడవటిగంటి కుటుంబరావు గారు దయ్యములను నమ్మినవారు కాదు, హేతువాది. చీకటి ఉన్నదని చెప్పి కథను తీసివేసినయెడల మన పరిశుద్ధ గ్రంథములో ఎన్ని పుటలు మిగులును? ఏన్దోరులో సౌలు, కుమార్తెను మ్రొక్కుబడికి అప్పగించిన యెఫ్తా, న్యాయాధిపతులు 19వ అధ్యాయములోని ఆ దిక్కులేని స్త్రీ, ఇవన్నియు చీకటి కథలే. దేవుడు వాటిని మన కన్నులకు మరుగుచేయలేదు. ఒక కథలో చీకటి ఉన్నదా అని మాత్రమే కాక, ఆ చీకటిలో న్యాయము ఎక్కడ నిలువబడినదని కూడ అడుగవలెను.

ఒక దృష్టాంతము చెప్పుదుము. ఆ పాత గ్రంథములో వీరవరుడను సేవకుని కథ కలదు. తన రాజైన శూద్రకుడు మూడు దినములలో చనిపోవునని విని, రాజును బ్రదికించుటకు వీరవరుడు తన కుమారుని బలి యిచ్చును. కుమార్తె దుఃఖముతో చనిపోవును. భార్య అగ్నిలో పడును. తుదకు తన తల తానే ఖండించుకొనును. చాటున నిలిచి చూచిన రాజు తన తల కూడ తీసికొనబోగా అందరును తిరిగి బ్రదుకుదురు. వీరందరిలో ఎవరు గొప్పవారని బేతాళుని ప్రశ్న. సేవకుని కొరకు ప్రాణమిచ్చుటకు సిద్ధపడిన రాజే గొప్పవాడని ఉత్తరము. ఇటువంటి కథలను బాలుడుగా చదివినప్పుడు మేము తెగిన తలనే చూచితిమి. తండ్రి అయిన తరువాత ఈ కథ చదివి, ఆ కుమారుని యొద్దనే ఆగిపోయి, పుట త్రిప్పలేకపోతిమి. ఆదికాండము 22వ అధ్యాయము సంగతియు అట్టిదే గదా. ఆదివార బడిలో ఇస్సాకు కథ విన్నప్పుడు మనకు పొదలోని పొట్టేలు ముద్దుగా ఉండెను. బిడ్డలను కన్న తరువాత ఆ మూడు దినముల ప్రయాణము చదువుడి; అబ్రాహాము అడుగులు ఎంత బరువో తెలియును. పుస్తకము మారలేదు, చదువువాడు మారినాడు.

ఇప్పుడు మా కుమార్తె ప్రశ్నకు వచ్చుదము. మేము ఎందుకు ఉత్తరము చెప్పలేకపోతిమి?

1991వ సంవత్సరము కోత పండుగ దినములు. బోర్డింగు బాలురు పోగుచేసిన కానుకల డబ్బా వార్డెను గారి గదిలో బల్ల మీద ఉండెను. ఆ రాత్రి మేము బేతాళ కథ చదివి నిద్రపట్టక కన్నులు తెరచి పడియుంటిమి. మా పడక కిటికీ ప్రక్కన. వెన్నెల ఉండెను. పై తరగతి బాలుడొకడు ఆ గదిలోనికి పోయి, డబ్బా తెరచి, రూపాయలు తీసికొని వచ్చుట మేము చూచితిమి. అతడును మమ్మును చూచెను. ఏమియు అనలేదు. అతని తండ్రి ఏటేట బోర్డింగునకు బియ్యపు బస్తాలు పంపు మనిషి.

ఉదయమున డబ్బు తగ్గినదని తెలిసినది. ముందటి సాయంకాలము ఆ గది ఊడ్చిన వంతు మా ఊరి బాలునిది. తండ్రి లేనివాడు, తల్లి కూలిపని చేసి చదివించుచుండెను. వార్డెను గారు వానిని నిలువబెట్టి, "ఎవరైనా చూశారా?" అని మా అందరిని అడిగిరి. మరల అడిగిరి. మూడవసారియు అడిగిరి. మాకు తెలియును. మేము పలుకలేదు. మధ్యాహ్నపు బస్సులో ఆ బాలుడు తన రేకు పెట్టెతో ఇంటికి పంపివేయబడెను. మరల బడి ముఖము చూడలేదు. ఆ ఏడాదియే ఇటుక బట్టీలకు పోయెనని వింటిమి. దేవుని సొమ్ము దొంగిలించినవాని తల్లియని ఊరివారు గుసగుసలాడగా, ఆ తల్లి గుడికి వచ్చుట మానివేసినది. ప్రతి సెలవులలోను మేము ఆమెను వీధిలో చూచుచు, తల వంచుకొని దాటిపోవువారము.

తరువాత మేము సెమినరీలో చదివితిమి, అభిషేకము పొందితిమి, ఎందరినో ఒప్పుకోలు చేయుమని బ్రతిమాలితిమి. ఆ బాలుని సంగతి మాత్రము చిన్ననాటి పొరపాటని మనస్సులోనే కప్పివేసితిమి. ఇప్పుడు ఆ కథలను మరల చదువగా మాకు మూడు సంగతులు కనబడినవి.

మొదటిది. విచారింపకుండ తీర్పు చెప్పుట ఎంత ఘోరమో కనబడినది. ఆ సంస్కృత గ్రంథములోని మొదటి బేతాళ కథలో, ఒక రాజకుమారుని స్నేహితుడు పన్నిన ఉపాయము వలన పద్మావతి యను కన్యక మీద నింద పడును. ఆ దేశపు రాజైన కర్ణోత్పలుడు నిజము వెదకక ఆమెను పట్టణమునుండి వెళ్ళగొట్టును. ఆమె తలిదండ్రులు దుఃఖముతో చనిపోవుదురు. వారి చావు పాపము ఎవరిది? ఉపాయము పన్నినవానిది అని మనము అందుము. విక్రమార్కుడు అట్లనలేదు, విచారణ చేయక శిక్ష విధించిన రాజుదే పాపమనెను. ఈ ఉత్తరము చదివి మేము చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి. యోహాను సువార్త 7వ అధ్యాయములో నీకొదేము అడిగినది అదియే గదా: మనిషి మాట వినకముందే ధర్మశాస్త్రము తీర్పు తీర్చునా? సంఘ పెద్దలారా, మన కమిటీలలో ఎందరిని చెప్పుడు మాటల మీద బల్లకు దూరము చేసితిమి? వారి మాట పూర్తిగా వింటిమా? బీదవాడైతే త్వరగాను, కానుక ఎక్కువ ఇచ్చువాడైతే నిదానముగాను మన విచారణ సాగుచున్నదా? ఇది మిమ్మును మాత్రమే అడుగుట లేదు. అధ్యక్ష స్థానమున కూర్చున్న మమ్మును మేము అడుగుకొనుచున్నాము.

రెండవది. ఏ పని కొరకు మనము మౌనముగా ఉన్నామో ఆ పనిని కూడ పరీక్షింపవలెను. మేము చదివిన సంచికలలో రాజు శవమును ఎందుకు మోయుచున్నాడో ఉండెడిది కాదు. మొదలును చివరయు మేము పెద్దవారమైన తరువాతనే చదివితిమి. ఆ భిక్షువు ఏండ్ల తరబడి దినమునకొక పండు తెచ్చి రాజునకు ఇచ్చెడివాడు. రాజు దానిని చూడక కోశాధికారి చేతికి ఇచ్చెడివాడు. ఒకనాడు కోతి ఆ పండు కొరుకగా లోపల రత్నము కనబడినది. ఆ రత్నముల వలన రాజు భిక్షువునకు ఋణపడి, శవమును తెచ్చుటకు ఒప్పుకొనెను. కాని ఆ భిక్షువు తలంపు ఏమి? శవము చేరిన తరువాత రాజునే బలి యిచ్చుట! ఆ సంగతి రాజునకు చెప్పి కాపాడినది బేతాళుడే. అనగా ప్రతి ఉత్తరముతోను ఏ పని చెడిపోయినట్లు కనబడినదో, ఆ పని రాజు చావునకే దారి. నోరు తెరచి వెనుకకు నడచిన ప్రతి నడక అతని ఆయుష్షును పొడిగించినది.

ప్రియులారా, మనము మంచిపని ఆగిపోవునని భయపడియే తరచుగా నోరు మూసికొందుము. ఇది చెప్పినయెడల గుడి కట్టడము ఆగును. అది చెప్పినయెడల పెండ్లి చెడును. ఇంకొకటి చెప్పినయెడల బోర్డింగునకు బియ్యము రాదు. అన్యాయమును కప్పి సాగించిన పని ఎవరి యొద్దకు చేరును? బీదవాని పిల్లవానిని మెట్టుగా త్రొక్కి కట్టిన గుడిలో దేవుడు ప్రవేశించునా? రత్నము దాగిన పండ్లు పుచ్చుకొన్న చేయి, ఇచ్చినవాని కోరికను కాదనుట కష్టము. అందుచేత కానుకలు పుచ్చుకొను మనము మరి జాగ్రత్తగా ఉండవలెను.

మూడవది. మౌనములన్నియు ఒక్కటి కావు. చివరి ప్రశ్న ఒకటి కలదు. తండ్రి ఒక కుమార్తెను, అతని కుమారుడు ఆ కుమార్తె తల్లిని పెండ్లాడిరి. వారికి పుట్టిన బిడ్డలు ఒకరికొకరు ఏమగుదురని బేతాళుడు అడిగెను. రాజునకు తెలియలేదు. ఊరకుండెను. అప్పుడు అతని తల పగులలేదు! తెలియనివాని మౌనమునకు శిక్ష లేదు. తెలిసినవాని మౌనమునకే ఉన్నది. యోబు స్నేహితులు ఏడు దినములు నేలను కూర్చుండి ఏమియు పలుకకుండినంత వరకు మంచి స్నేహితులే. తెలియనిదానిని తెలిసినట్లు పలికినప్పుడు తప్పిపోయిరి. బిడ్డను పోగొట్టుకొన్న ఇంటిలో, దేవుడు ఎందుకు తీసికొనెనని తల్లి అడిగినప్పుడు, పాస్టరు ఊరకుండి ఆమె చెంత కూర్చుండుట పాపము కాదు. మన ప్రభువు హేరోదు ఎదుట ఒక్క మాటయు పలుకలేదు. ఆ మౌనము ఆయనను కాపాడలేదు. ఆయన సిలువకు పోయెను. మా మౌనము మమ్మును కాపాడినది. మరియొకడు బస్సెక్కి పోయెను. మీ మౌనము ఎట్టిదో తెలిసికొనగోరినయెడల, అది ఎవరిని కాపాడుచున్నదో చూచుకొనుడి.

ఇన్ని సంగతులు చదివి ప్రసంగము వ్రాసికొని ఊరకుండుటకు మా మనస్సు ఒప్పుకొనలేదు. ఒక సోమవారము బస్సెక్కి స్వగ్రామమునకు పోతిమి. ఆ మనిషి ఇప్పుడు కౌలుకు కొంచెము పొలము చేసికొనుచున్నాడు. గట్టు మీద నిలువబడి 1991 నాటి సంగతి అంతయు చెప్పితిమి. ఆయన పార ఆపి, మా ముఖము చూడక విన్నాడు. చాలసేపటికి, "ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభమండీ? మా అమ్మకు చెప్పాల్సింది" అన్నాడు. ఆ తల్లి 2009లో చనిపోయినది. కుమారుడు దొంగ కాడని ఆమె నమ్మియుండవచ్చును. ఊరు నమ్మినట్లు ఆమె ఎన్నడును చూడలేదు. మా యొద్ద ఉత్తరము లేదు. ఒక మాటతో తీరిపోవలసిన బాకీ అది. ఆ మాట పుచ్చుకొనవలసిన మనిషి ఇక లేదు.

మేము బయలుదేరుచుండగా ఆయన మరల, "చెప్పదలిస్తే గుడిలో చెప్పండి. మా పిల్లలు వింటారు" అన్నాడు.

ఆ సంఘ కాపరి అనుమతితో తరువాతి ఆదివారము అక్కడ లేచి నిలువబడి చెప్పితిమి. ఆ పై తరగతి బాలుడు మరణించి చాల ఏండ్లాయెను. అతని పేరు చెప్పలేదు. మేము ఒప్పుకొనవలసినది అతని దొంగతనము కాదు, మా మౌనము. ఒక ముసలమ్మ కొంగుతో కన్నులు తుడుచుకొన్నది. ఒక పెద్దమనిషి, పాత సంగతులు త్రవ్వుట ఎందుకని విసుగుకొన్నాడు. ఆ మనిషి చివరి వరుసలో తన ఇద్దరు పిల్లలతో కూర్చుండి, దీవెన ప్రార్థనకు ముందే లేచి పోయెను. ఆయన మమ్మును క్షమించెనో లేదో మేము అడుగలేదు. అడుగుట మా వంతు కాదు. ఇంత వ్రాసినది కూడ మమ్మును మేము మెచ్చుకొనుటకు కాదు. ముప్పది ఏండ్లు ఆలస్యమైన మాటకు మెప్పు లేదు.

ఇంటికి వచ్చి మా కుమార్తెకు ఉత్తరము చెప్పితిమి. "అమ్మా, బేతాళుడు ఊరికే బెదిరించలేదు. తెలిసి చెప్పకపోతే తల నిజంగానే పగులుతుంది. కాకపోతే ఒక్కసారిగా పగలదు. మెల్లమెల్లగా పగులుతుంది, పైకి కనపడదు" అంటిమి. ఆమె కొంచెము ఆలోచించి, "అయితే రాజు మంచి పనే చేశాడు" అని మరల పుస్తకము తీసికొన్నది. దావీదు తన తప్పు దాచుకొన్న దినములలో ఎముకలు సహా అరిగిపోయినట్లు 32వ కీర్తనలో చెప్పుకొన్నది ఇదియే.

తలిదండ్రులారా, మీ పిల్లలు చీకటి కథలు చదువుచున్నారని మాత్రమే దిగులుపడకుడి. మరి చిన్నవారికి రాత్రివేళ అట్టివి చెప్పకుడి. పెద్దపిల్లలు చదువునప్పుడు ప్రక్కన కూర్చుండి, ఇందులో న్యాయము ఎవరిదని అడుగుడి. మీరు చిన్నప్పుడు భయపడిన కథ ఏదైన ఉన్నయెడల ఒకసారి మరల తెరచి చూడుడి. అప్పుడు భయపెట్టినది ఒకటి, ఇప్పుడు భయపెట్టునది మరియొకటి కావచ్చును. మా మట్టుకు మాకు శవము భయము ఎప్పుడో పోయినది. మూడుసార్లు అడిగినను తెరువబడని ఆ చిన్న నోరు మాత్రము ఇప్పటికిని భయపెట్టుచున్నది.

ఈ నెలలో మీలో ప్రతివారును ఒక పని చేయవలెనని కోరుచున్నాము. మీకు తెలిసియుండి చెప్పక విడిచిన మాట ఒకటి ఉన్నయెడల, వినవలసిన మనిషి బ్రదికియుండగానే పోయి చెప్పుడి. పని చెడునేమో, చెడనిండి. శవము తిరిగి చెట్టెక్కునేమో, ఎక్కనిండి. మరల నడచుటకు ప్రభువు బలమిచ్చును. కోడి కూసిన తరువాత వెలుపలికి పోయి ఏడ్చిన పేతురును విడిచిపెట్టని ప్రభువు, ఆలస్యముగా నోరు తెరచిన మనలను కూడ విడిచిపెట్టడని మా నిరీక్షణ. ఆయన కృప మీ అందరికి తోడైయుండును గాక. ఆమేన్.